చేలు చెరువులైన చరిత్రలో ఆమె ఎక్కడ?

మా పడమటి డెల్టాలో గత నలభై ఏళ్లలో పూర్తిగా అర్థం మారిపోయిన మాట ఏదని ఎవరైనా అడిగితే నేను ‘చెరువు’ అని చెబుతాను. మా అమ్మమ్మ కాలానికి చెరువంటే ఊరందరిదీ. మంచినీళ్ల చెరువు, పశువుల చెరువు, వేసవిలో కాలవలు కట్టేసే ముందు నింపి పెట్టుకునే చెరువు. దానికి ఊరి పేరో, తవ్వించిన పుణ్యాత్ముడి పేరో, గట్టు మీదున్న అమ్మవారి పేరో ఉండేది. యజమాని మాత్రం ఉండేవాడు కాదు. ఇవాళ తణుకు నుంచి భీమవరం వైపు వెళ్లే బస్సులో కూర్చుని, కిటికీలోంచి కనపడే నీటిని చూపించి “ఆ చెరువు ఎవరిదండీ?” అని అడిగితే ఒక మనిషి పేరు చెబుతారు. లేదా లీజుకి తీసుకున్నవాడి పేరు చెబుతారు. ఫలానావాళ్లకి ఇరవై ఎకరాల చెరువులున్నాయంటే అది ఆస్తి లెక్క, పెళ్లి సంబంధాల్లో చెప్పుకునే లెక్క. ఉమ్మడి నీటి పేరు సొంత ఆస్తికి పేరైపోయింది.

ఈ మార్పు గురించి రాసినవాళ్లకి కొదవలేదు. ఆర్థికవేత్తలు దిగుబడులూ ఎగుమతులూ లెక్క కట్టారు. పర్యావరణం గురించి రాసేవాళ్లు నేలలో ఉప్పునీ, కొల్లేటికొచ్చే పక్షుల్నీ లెక్కపెట్టారు. నేను చదివినంతలో అన్నిటా కర్త ఒక్కడే - రైతు. రైతు నష్టపోయాడు, రైతు విసిగిపోయాడు, రైతు చేను తవ్వించాడు, రైతు లాభపడ్డాడు. క్రియలన్నీ ‘డు’తోనే ముగుస్తాయి. ఆ చేలో నడుం వంచి నిలబడ్డ మనిషిని కర్తగా పెట్టి ఈ వాక్యాలు తిరగరాస్తే ఏమవుతుంది? సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు వాక్యం దగ్గరే అనుమానం మొదలవుతుంది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. వరిచేను మన డెల్టాకి అనాదిగా ఉన్న ప్రకృతి అనీ, చేపల చెరువు దాన్ని పాడుచేసిందనీ అనుకోవడం తేలిక. కానీ అది చరిత్ర కాదు. 1832-33 నందన కరువు దెబ్బ నుంచి తేరుకోని రాజమండ్రి జిల్లా పరిస్థితి మీద 1844లో హెన్రీ మౌంట్‌గొమరీ నివేదిక ఇచ్చాడు. దాని వెనకే ఆర్థర్ కాటన్ వచ్చాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. విజ్జేశ్వరం నుంచి బయల్దేరిన కాలవలు పడమటి డెల్టాలో ఐదు లక్షల ఎకరాలకు పైగా నేలని తడిపాయి. వానకీ వరదకీ తల వంచుకుని బతికిన ఊళ్లు కాలవ నీటి ఊళ్లయ్యాయి. మెట్ట పైర్లు పండిన చోట వరి వచ్చింది, కుంపిణీకి శిస్తు పెరిగింది. అదీ భూమి మార్పే. దాని వెనకా పెట్టుబడీ లాభమూ ఉన్నాయి.

అయితే ఆ మార్పు చేతుల్ని పిలిచింది. వరికి చేతులు కావాలి, అందులోనూ ఆడవాళ్ల చేతులు కావాలి. దమ్ము చెయ్యడం మగవాడి పనైతే ఆకు తీయడం, ఊడ్పు, కలుపు తీయడం స్త్రీల పని. కోతలూ పనలు కట్టడమూ ఇద్దరివీ. ఎకరం ఊడ్పుకి ఎనిమిది పదిమంది ఆడవాళ్లు ఒక రోజంతా మోకాటిలోతు బురదలో వెనక్కి వెనక్కి నడవాలి. సార్వాకోసారి, దాళ్వాకోసారి. ఎకరాల లెక్కన కొలిచే డెల్టా సౌభాగ్యానికి వెనక ఇన్ని లక్షల వంగిన నడుములున్నాయి. వాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ కులాల స్త్రీలు, వెనకబడిన కులాల స్త్రీలు, సొంత చేను లేనివాళ్లు. ‘అన్నపూర్ణ’ అని ప్రాంతానికి స్త్రీ పేరు పెట్టుకున్నాం గానీ ఆ స్త్రీ ఎవరో అడగలేదు.

ఇప్పటి మార్పు చేతుల్ని పంపించేసింది. రెండు మార్పులకీ ఉన్న తేడా నాకు ముందు ఇక్కడ కనిపిస్తుంది.

చేను అంటే పంట ఒక్కటే కాదు, గట్టు కూడా. కాగితాల్లో గట్టుకి విలువ లేదు. సర్వే రాయి దగ్గర హద్దుగా తప్ప దాని ఊసుండదు. గట్టు మీదే ఆడవాళ్ల జీవనం సగం ఉండేది. పొద్దున్నే కొడవలి పట్టుకుని గట్టు గడ్డి కోసుకొస్తే ఇంటి దగ్గర గేదె పాలిచ్చేది. చేను లేకపోయినా గేదె ఉండొచ్చు. ఆ గేదె పాలడబ్బులు సాధారణంగా ఆవిడ చేతికే వచ్చేవి. గట్ల మీద కంది మొక్కలు వేసేవాళ్లు. పొన్నగంటికూర, గోంగూర, చెంచలికూర ఎవరూ వెయ్యకుండానే వచ్చేవి. బోదెల్లో చేపపిల్లలు, మట్టగిడసలు, నత్తలు దొరికేవి. కోతలయ్యాక పరిగె ఏరుకోవడం ఉండేది. రాలిన వెన్నులు ఏరుకున్న మనిషిని కామందు కూడా గద్దించేవాడు కాదు, అది లోకం ఒప్పుకున్న హక్కు. ఏ చట్టంలోనూ రాసి లేని హక్కు. నేలకి పట్టా ఉన్నవాడి ఇష్టం మీద ఆధారపడ్డదనీ అనొచ్చు, నేను కాదనను. ఆ గట్టు మీద అవమానాలూ ఉండేవి, మేస్త్రీ మాటలూ ఉండేవి, కామందు కొడుకు చూపులూ ఉండేవి. పాత చేనుని స్వర్గం చేసి చూపించడానికి నాకేమీ మనసు లేదు. కానీ కూలి డబ్బు పక్కన ఇంకో చిన్న ఆదాయం, ఇంకో కూర, ఇంకో గిద్దెడు పాలు ఉండేవి. వాటిని తెచ్చిన పనిని ఏ జనాభా లెక్కల కాగితమూ పని అని రాసుకోలేదు.

నా పీహెచ్‌డీ శ్రమగేయాల మీద. నేదునూరి గంగాధరంగారు గోదావరి ఊళ్లు తిరిగి పోగుచేసిన పాటల సంపుటాలు లేకపోతే నా పని మొదలయ్యేదే కాదు. ఆ పాటలు పట్టుకుని తణుకు, అత్తిలి, ఇరగవరం వైపు ఊళ్లకి వెళ్లినప్పుడు నాకెదురైన ఇబ్బంది పాట మర్చిపోవడం కాదు. అరవై దాటినవాళ్లకి పాట గుర్తుంది. కానీ మంచం మీద కూర్చుని పాడటం రావడం లేదు. ఊడ్పు పాట ఒకరు అందుకుంటే పదిమంది అందుకోవాలి, చెయ్యి ఆడే లెక్కని బట్టి గొంతు ఆగాలి, సాగాలి. ఒకామె పాడుతూ పాడుతూ ఆగిపోయి, లేచి నిలబడి, నడుం వంచి, గాలిలో నాట్లు వేస్తూ మిగతాది పాడింది. జానపద సాహిత్యం ‘అంతరించిపోతోంది’ అని సదస్సుల్లో మనం బాధపడతాం. పాట పోవడానికి ముందు దాని కింద నేల పోయిందన్న సంగతి మన పత్రసమర్పణల్లో రాదు.

ఇక కొల్లేరు. చేను చెరువవ్వడం మా తణుకు దాకా రావడానికి ముందు అక్కడ సాధన జరిగింది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లూ, రెండు డెల్టాల మురుగు కాలవల నీళ్లూ అందులోకి చేరతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. వానాకాలం సరస్సు, వేసవిలో చాలా మేర చేను. నీళ్లు తీసినకొద్దీ లంక గ్రామాలవాళ్లు వరి వేసుకునేవాళ్లు. వడ్డీలు మావులు పెట్టి చేపలు పట్టేవాళ్లు. పట్టిన చేపని తట్టకెత్తుకుని ఏలూరు, కైకలూరు, ఆకివీడు సంతలకి నడిచిందీ, బేరమాడిందీ, డబ్బు కొంగున ముడేసిందీ ఆడవాళ్లు. కిక్కిసా తుంగా కోసి తడికలూ చాపలూ అల్లిందీ వాళ్లే. అక్కినేని కుటుంబరావుగారి ‘కొల్లేటి జాడలు’ నవల ఆ పాత కొల్లేటి బతుకుని జ్ఞాపకంగా నిలబెట్టింది. చదవనివాళ్లుంటే చదవండి.

1970ల మధ్యలో ప్రభుత్వం లంక గ్రామాల్లో మత్స్యకారులకీ దళితులకీ సహకార సంఘాలు పెట్టి, సరస్సు నేలలో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. పేదల్ని పైకి తేవాలన్న ఉద్దేశమే. కానీ సంఘ సభ్యుడంటే ఇంటి మగవాడు. అతని పేరు పుస్తకంలోకెక్కింది, తట్ట మోసిన ఆమె పేరు ఎక్కలేదు. చెరువు చేపకి మేత కావాలి, మందులు కావాలి, పెట్టుబడి కావాలి. అవి లేని సంఘాలు చెరువుల్ని బయటి పెట్టుబడిదారులకి లీజుకిచ్చాయి. 1980ల్లో, 90ల్లో పెద్ద పెద్ద చెరువులు సరస్సు కడుపులోకి వచ్చేశాయి. శీలావతీ బొచ్చే ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకీ అస్సాంకీ పోయాయి. లారీకెక్కే చేపకి తట్ట అక్కర్లేదు. కొల్లేటి ఆడవాళ్ల చేపల వ్యాపారం అలా పోయింది. ఎవరూ దాన్ని నిషేధించలేదు, ఎవరూ లాక్కోలేదు. అందుకే ఎవరూ నష్టపరిహారమూ ఇవ్వలేదు.

తర్వాతి కథ పత్రికలు చదివేవాళ్లందరికీ తెలుసు. 1999లో సముద్రమట్టానికి ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు పేల్చారు, పొక్లెయినర్లతో కోశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. గట్లు తెగిన చోట మళ్లీ గట్లు లేచాయి. ఈ తగాదాలో పక్షులకి వకీళ్లున్నారు, పెట్టుబడికి వకీళ్లున్నారు. పక్షుల పక్షం వహించేదాన్నే నేనూ. ఆటపాకలో గూడబాతుల్ని చూసి సంతోషించేదాన్నే. కానీ గట్టు కోసేసిన మర్నాడు ఆ లంకలో పొయ్యి ఎలా వెలిగిందన్న ప్రశ్నకి ఏ కాంటూరూ జవాబు చెప్పదు. పెద్ద పెట్టుబడి పెట్టినవాడు ఐదో కాంటూరు అవతల చేలు లీజుకి తీసుకుని అక్కడ తవ్వుకున్నాడు. సరస్సుని కాపాడే క్రమంలో చేలమీద ఒత్తిడి పెరిగిందన్న మాట కొంచెం ఇబ్బందిగానే రాస్తున్నాను.

చేలు ఎందుకు లొంగాయి? ఆశ అన్నది సగం జవాబే. ఆకివీడు, ఉండి, భీమవరం వైపు పల్లం చేలు ఎప్పట్నుంచో మునక చేలు. మురుగు దిగక సార్వా కుళ్లిపోవడం అక్కడివాళ్లకి ఏటా తెలిసిన దుఃఖం. డెల్టా మురుగు గురించి మిత్రా కమిటీ 1960ల్లోనే చెప్పింది, సాగునీటి మీద పెట్టిన శ్రద్ధ మురుగునీటి మీద మనవాళ్లు పెట్టలేదు. 1986 ఆగస్టు గోదావరి వరద ఊళ్లకి ఊళ్లనే ముంచేసింది. మూడేళ్లకోసారి మునిగే చేను ఎలాగూ నీళ్లలోనే ఉంది, అందులో చేపలు వేస్తే పోలా అన్న ఆలోచన రావడంలో వింత లేదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. 1994-95లో తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులు ఖాళీ అయ్యాయి, అప్పులు మిగిలాయి. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక రెండో కెరటం లేచింది. ఈసారి తీరం దాటి లోపలికి, బోరు వేస్తే ఉప్పునీరు పడే ప్రతిచోటికీ వచ్చింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించారు. వరి ధరకీ వరి ఖర్చుకీ మధ్య అంత దూరం పెరిగింది.

ఇంకో కారణం గురించి మావాళ్లు ఎక్కువ మాట్లాడరు. చేను సొంతదారుడు చేలో లేడు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నాడు. చేసేది కౌలుదారు, మక్తా బస్తాల్లోనో డబ్బులోనో కొలిచేది కౌలుదారు. దూరాన ఉన్నవాడికి వరి మక్తా ఏటా ఒక తలనొప్పి - తుఫానొచ్చిందండీ, దోమపోటండీ, తగ్గించండీ అని ఫోన్లు. చెరువు లీజు ఏకమొత్తం, ముందే చేతికొస్తుంది. చేను చెరువు కావడమంటే కౌలు కుటుంబం రాత్రికి రాత్రి నేల నుంచి లేచిపోవడం. ఆ కుటుంబంలో భర్త పేరు మీద కూడా కాగితం ఉండేది కాదు. ఇక భార్య పేరెక్కడ? 2011లో సాగుదారులకి గుర్తింపు కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద కార్డు సంపాదించాలంటే సొంతదారు సహకరించాలి. సొంతదారు భయపడతాడు, లేదా భయపడ్డట్టు నటిస్తాడు.

ఒక చేను తవ్వితే పక్క చేను మాట చెప్పాలి. చెరువులో నీరు పక్క చేను మట్టం కంటే ఎత్తున, గట్టుల మధ్య నిలబడి ఉంటుంది. ఊట పక్కకి దిగుతుంది. పక్క చేలో దమ్ము ఆరదు, కోత సమయానికి నేల గట్టిపడదు, పనలు తడుస్తాయి. రొయ్యల చెరువైతే ఊటలో ఉప్పు. వదిలేసిన నీరు మురుగు కాలవలోకి పోయి, కింది ఊరు అదే నీటితో ఆకుమడి తడుపుకుంటే మొలక మాడుతుంది. రెండేళ్లు చూసి, మూడో ఏడు పక్క చేను మనిషి తనే వెళ్లి లీజుదారుని కలుస్తాడు. కాగితం మీద అది ఇష్టపూర్వకంగా చేసిన దరఖాస్తు. ఇలా ఒక ఆయకట్టంతా ‘ఇష్టపూర్వకంగా’ చెరువులవుతుంది. వరి ఎండకట్టే రోజుల్లో మురుగు కాలవకీ, గట్టుకీ, ఊరి బోరుకీ మధ్య నేల చేసే పని ఒకటుంది. నీటిని పీల్చి, వడగట్టి, కిందికి పంపడం. ఏడాది పొడుగునా నీరు నిలిచిన నేలకి ఆ పని లేదు. మంచినీళ్ల చెరువు చుట్టూ రొయ్యల చెరువులొచ్చిన ఊళ్లల్లో ఆ నీరు తాగడం మానేశారు. ఇరవై లీటర్ల టిన్ను కొంటున్నారు. ఒకప్పుడు బిందె మోయడం ఆవిడ పనైతే, ఇప్పుడు టిన్నుకి డబ్బులు సర్దడం ఆవిడ పని.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గ్రామ స్వరాజ్య ఉద్యమానికి అధ్యక్షుడైన ఎస్. జగన్నాథన్ వేసిన కేసు అది. ఆయన పేరు తీర్పు మీదుంది. ఆయన భార్య కృష్ణమ్మాళ్ దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. 1968లో కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితుల్ని తగలబెట్టాక ఇద్దరూ తంజావూరు వైపు వెళ్లి, అక్కడే భూమిలేని స్త్రీలకి భూమి ఇప్పించే పనిలో మిగిలిపోయారు. ఆ ఊళ్ల చేలల్లోకి రొయ్యల చెరువులు వచ్చినప్పుడు కూలి స్త్రీలతో కలిసి నిలబడ్డారు. కేసు అక్కణ్నుంచి వచ్చింది. వ్యవసాయ భూముల్నీ, ఉప్పు మళ్లనీ, మడ అడవుల్నీ, ఊరి ఉమ్మడి నేలల్నీ రొయ్యల చెరువులుగా మార్చకూడదని తీర్పు స్పష్టంగా చెప్పింది. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు వచ్చే లాభం కంటే సమాజానికీ పర్యావరణానికీ జరిగే నష్టం ఎక్కువని తేల్చిన సంగతీ అందులో ఉంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. నిషేధం ఉన్నచోట రిజిస్ట్రేషన్ వచ్చింది.

ఆ తీర్పులో ఒక భాగం నేను చాలాసార్లు చదివాను. మూతపడే చెరువుల్లో ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికులకి తొలగింపు పరిహారంతో పాటు ఆరేళ్ల జీతం ఇవ్వాలని కోర్టు చెప్పింది. న్యాయమే. కాని ఆ చెరువు రాకముందు అదే నేలలో పదేళ్లో ఇరవయ్యేళ్లో ఊడ్చిన స్త్రీ సంగతేమిటి? ఆమె ఏ హాజరు పట్టీలోనూ లేదు. ఇవాళ ఈ చేలో, రేపు ఆ చేలో. యజమాని ఒక్కడు కాదు, పని ఏడాదంతా ఉండదు. కాలుష్యం వల్ల నష్టపోయినవాళ్లకి పరిహారమని కోర్టు అంది గానీ పని పోవడం కాలుష్యం కిందికి రాదు. పోగొట్టుకున్నది నిరూపించుకోవాలంటే ముందు అది మనదని ఎక్కడో రాసి ఉండాలి. మా జిల్లాకి 2008లో ఉపాధి హామీ పథకం వచ్చినప్పుడు చాలామంది కూలి స్త్రీలు మొదటిసారి ప్రభుత్వ రికార్డులో పనిమనిషిగా కాక పనిచేసే మనిషిగా తమ పేరు చూసుకున్నారు.

బంగ్లాదేశ్‌లో ఖుల్నా వైపు, మన డెల్టా లాంటి వరి నేలలోనే, 1990 నవంబరు 7న రొయ్యల చెరువులకి వ్యతిరేకంగా సాగిన ఊరేగింపులో ముందు నడిచిన కరుణామయి సర్దార్‌ని చంపేశారు. భూమిలేని స్త్రీ ఆవిడ. పోల్డర్ 22 అని పిలిచే ఆ కట్ట లోపలి ఊళ్లు రొయ్యల్ని రానివ్వలేదు. ఏటా ఆ తేదీన స్త్రీలు అక్కడ చేరి ఆమెని తలచుకుంటారు. అమరుల జాబితాల్లో మనం వెతికే పేర్లలో ఈ పేరు నాకు మన పత్రికల్లో తగల్లేదు, అందుకే రాస్తున్నాను.

మన దగ్గరా స్త్రీలు నిలబడ్డారు. భీమవరం పక్కన తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు ఊళ్ల మధ్య ఆక్వా ఫుడ్ పార్కు కడుతుంటే, దాని వ్యర్థాలు గొంతేరు కాలవలోకి వస్తాయని ఆ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. 2016లో 144 సెక్షన్ పెట్టారు. ఆడవాళ్ల మీద కేసులు పెట్టారు, పెద్ద వయసు స్త్రీని జైల్లో పెట్టారు. చేనుకీ, కాలవకీ, వంటింటి నీటికీ మధ్య సంబంధం వాళ్లకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర రొయ్యల శుద్ధి కర్మాగారంలో వ్యర్థాల ట్యాంకులోకి దిగిన ఐదుగురు యువకులు విషవాయువుతో చనిపోయారు. తుందుర్రు ఆడవాళ్లు భయపడుతున్నది ఊహ కాదని చెప్పడానికి ఐదు ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

“చేను పోతే ఏం, షెడ్డులో పని వచ్చిందిగా” అనేవాళ్లున్నారు. నిజమే, వచ్చింది. ఊడ్పులకి వెళ్లిన తల్లుల కూతుళ్లు ఇవాళ కంపెనీ వ్యానెక్కి రొయ్యల తలలు తీసే షెడ్లకి వెళ్తున్నారు. ఐసు నీళ్లలో గంటల తరబడి నిలబడి పని. వేళ్లు పగులుతాయి, గోళ్లు పుచ్చుతాయి. చాలాచోట్ల తూకాన్ని బట్టి డబ్బు. కానీ నీడ ఉంది, నెలలో ఎక్కువ రోజులు పని ఉంది, మేస్త్రీ కులం పేరు పెట్టి పిలవడని ఒక అమ్మాయి నాతో అంది. ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోలేను. చేనులో లేని మర్యాద షెడ్డులో దొరికిందని ఆమె అంటే, చేను పోయిందని ఏడవడానికి నాకెంత హక్కుందో ఆలోచించుకోవాలి. అయితే షెడ్డు తాళంచెవి ఎంతో దూరాన ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర పడింది. ధర పడితే చెరువు రైతు గురించి టీవీలో చర్చలు పెట్టారు. వ్యాను రాని రోజు గురించి చర్చ పెట్టలేదు. అలాంటి రోజున గట్టు మీద గడ్డి కోసుకుందామంటే గట్టు చుట్టూ వల కట్టి ఉంది, లైట్లు పెట్టి ఉన్నాయి, కాపలావాడు ఉన్నాడు.

చేను స్త్రీ పేరు మీద ఉంటే ఇదంతా మారేదా? గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ల పేరు మీద భూమి లేకపోలేదు. పసుపు కుంకుమ కింద ఎకరమో రెండెకరాలో ఇచ్చే ఆచారం ఉంది. పైగా 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కిచ్చిన రాష్ట్రం మనది. దేశం మొత్తానికి అది 2005లో గానీ రాలేదు. బీనా అగర్వాల్ 1994లో తన ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’ పుస్తకంలో భూమి సొంతం కావడానికీ, భూమి మీద అజమాయిషీ ఉండటానికీ మధ్య తేడా విడదీసి చూపించింది. దక్షిణాసియా అంతటి గురించీ రాసిన ఆ పుస్తకం చదువుతుంటే నాకు మా ఊరి పసుపు కుంకుమ చేలే కళ్లముందు మెదిలాయి. పాసు పుస్తకం మీద అక్కచెల్లెళ్ల ఫోటోలు, కౌలు మాట్లాడేది తమ్ముళ్లు.

మా అమ్మకీ అలాంటి ఎకరంన్నర ఉంది. తణుక్కి ఎనిమిది మైళ్లు, కాలవ దిగువన. మూడు వైపుల్లో రెండు వైపులు ఇప్పటికే చెరువులు. పదకొండేళ్లుగా ఒకే కుటుంబం కౌలుకి చేస్తోంది. చేసేది ఆమే, ఆయనకి పక్షవాతం. మక్తా డబ్బులు తెచ్చిచ్చేటప్పుడు ఆమె ఒక సంచిలో గట్టు కందులు తెస్తుంది. మొన్న సంక్రాంతికి మా చిన్నమావయ్య స్టాంపు కాగితం తీసుకొచ్చాడు. ఐదేళ్ల లీజు, మొదటి రెండేళ్ల డబ్బు ముందే. పక్క చెరువులవాళ్లే అడుగుతున్నారు. మావయ్య చెడ్డవాడు కాదు. ఊట వల్ల గత దాళ్వాలో దిగుబడి పడిపోయిందనీ, ఇంకో రెండేళ్లాగితే మక్తా కూడా రాదనీ అతను చెప్పింది అబద్ధం కాదు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివింది.

“గట్టు ఎవరి భాగంలోకి వస్తుందిరా?” అంది.

“గట్టుదేముందక్కా, మట్టేగా. చెరువులోకే కలుస్తుంది” అన్నాడు మావయ్య.

అమ్మ కాగితం మడిచి బీరువాలో పెట్టింది. కౌలు చేసే ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనెళ్లి చెప్పాలా, అమ్మ చెప్పాలా అన్నది మా ఇంట్లో రెండు వారాలుగా తేలని మాట. తర్వాత ఈ ఎకరంన్నర నాకొస్తుంది కాబట్టి నా సంతకం కూడా ఉంటే మంచిదని లీజువాళ్లు అడిగారట. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో అవుతాయి. ఆ నెలలోనే కాలవలు కట్టేస్తారు, కాలవలు కట్టేశాకే మిషన్లు చేలో దిగుతాయి.